బోర్డుల మామయ్య, మా పసుపు విమానం

తెనాలి నుంచి తమ్ముడు ఫోన్ చేసి "అన్నయ్యా, బోర్డుల మామయ్య పోయారు" అన్నాడు. పెద్దకర్మకి వెళ్లి వచ్చాను. వచ్చిన దగ్గర్నుంచీ ఆయన గొంతు చెవిలోనే ఉంది. మినుము పీకేసిన చేలల్లో తెల్లారకముందే నిలబడి, మేం చేసుకున్న చిన్న బ్యాటరీ విమానాన్ని చూస్తూ గడిపిన వేసవులు ఒకదాని వెంట ఒకటి గుర్తొస్తున్నాయి. వాటిలో కొన్నయినా రాసి పెట్టాలని కూర్చున్నాను.

ఆయన మాకు చుట్టం కాదు. అమ్మ "అన్నయ్యా" అని పిలిచేది, అలా మాకు మామయ్య అయ్యారు. ఆయన నన్ను "అల్లుడూ" అనేవారు. మా ఊరి మొదట్లో, తెనాలి రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఆయన కొట్టు. గుమ్మంలో అడుగు పెట్టగానే ఎనామెల్ పెయింటు, టర్పెంటైను కలిసిన వాసన ముక్కుకి తగిలేది. స్కూలు నుంచి వచ్చేటప్పుడు ఆ వాసన కోసమే అక్కడ ఆగేవాళ్లం.

తెనాలిలో చేతిపని తెలిసినవాళ్లకి ఎప్పుడూ కొదవ లేదు. నాటకాలవాళ్లు, విగ్రహాలు చేసే శిల్పులు, అందరూ ఆ చుట్టుపక్కలే. మామయ్య కుర్రతనంలో సినిమా బ్యానర్లు రాసే ఒక ఆర్టిస్టు దగ్గర చేరి రంగులు కలపడంతో మొదలుపెట్టారట. తర్వాత సొంతంగా ఎరువుల కంపెనీల గోడ రాతలు, ఎన్నికల రాతలు, కిరాణా కొట్ల బోర్డులు, లారీల నంబర్లు, పెళ్లి మండపాలకి థర్మాకోల్ అక్షరాలు. ఆ రోజుల్లో మా రోడ్డు మీద అక్షరం అంటే ఆయన చేతిదే.

గోడ మీద రాత మొదలుపెట్టే ముందు సుద్దపొడి పట్టించిన నూలు దారాన్ని ఆ చివరొకరు, ఈ చివరొకరు గోడకి ఆనించి బిగించి పట్టుకోవాలి. అది పిల్లల పని. ఆయన మధ్యలో రెండు వేళ్లతో దారాన్ని వెనక్కి లాగి వదిలేవారు. టప్‌మని చప్పుడు. దారం తీస్తే గోడ మీద వంకర లేని తెల్లటి గీత. అలా గీతలు కొట్టుకుని, వాటి మధ్య అక్షరాలు చేత్తోనే రాసేవారు. తలకట్టు చివరికి వచ్చేసరికి బ్రష్షుని వేళ్ల మధ్య కొంచెం తిప్పి పైకి లేపేవారు, ఆ కొస సూదిగా వచ్చేది. పని మధ్యలో ఎన్నిసార్లో రోడ్డు దాటి అవతలికి వెళ్లి నిలబడి చూసుకునేవారు. "దగ్గర్నుంచి బాగుంటే సరిపోదు అల్లుడూ. బస్సులో పోయేవాడికి కనపడాలి" అనేవారు.

ఫ్లెక్సులు వచ్చాక ఆ పని తగ్గిపోయింది. ఒక్క రాత్రిలో బ్యానరు ప్రింటయి వచ్చేస్తుంటే, రోజుల తరబడి సారవ మీద నిలబడి రాసే మనిషి కోసం ఎవరాగుతారు? మామయ్య బళ్లకి రేడియం స్టిక్కర్లు కోయడం, సన్‌ప్యాక్ షీట్ల మీద చిన్న బోర్డులు రాయడంతో నెట్టుకొచ్చారు. ట్యూషన్లు చెప్పబడును, ఇల్లు అద్దెకు ఇవ్వబడును అని కరెంటు స్తంభాలకి కట్టి కనపడతాయే, ఆ షీట్లు. రెండు పల్చటి ప్లాస్టిక్ పొరలు, వాటి మధ్య వరసగా సన్నటి గొట్టాలు. కొట్టు వెనకాల అవి దొంతరలుగా ఉండేవి. ఆ దొంతరలోంచే మా విమానం పుట్టింది.

* * *

నేను హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న రోజులవి. అప్పట్లో కాలేజీల్లో ఏరోమోడలింగ్ వర్క్‌షాపులు జోరుగా జరిగేవి. డబ్బు కట్టి జట్లుగా చేరితే, ఫోమ్ షీటు కోసి విమానం చేయడం నేర్పి, ఆఖర్న గ్రౌండ్‌లో ఎగరేసి చూపించేవాళ్లు. మా జట్టు చేసిన విమానం కాలేజీ వాటర్ ట్యాంకు మీదుగా తిరిగి వచ్చి దిగినప్పుడు నా గుండె ఎంత కొట్టుకుందో ఇప్పటికీ గుర్తుంది. ఆ సాయంత్రమే నిర్ణయించుకున్నాను, వేసవి సెలవుల్లో ఇంటి దగ్గర సొంతంగా ఒకటి చేయాలని.

సామాను ఒక్కటొక్కటే పోగుచేశాను. 2212 అనే రకం బ్రష్‌లెస్ మోటారు, దాని వేగం నడిపే 30 ఆంపియర్ల ఈఎస్‌సీ, తోక పలకల్ని కదిలించే తొమ్మిది గ్రాముల బుల్లి సర్వోలు రెండు, 2200 ఎంఏహెచ్ లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ, ఫ్లైస్కై వాళ్ల ఆరు ఛానళ్ల రిమోట్. ఆ రిమోట్‌కి స్క్రీను ఉండదు. సెట్టింగులన్నీ కేబుల్ పెట్టి కంప్యూటర్‌లోంచి మార్చుకోవాలి. దాని కడుపులో 8 పెన్సిల్ సెల్స్ పట్టేవి. కొన్ని కొరియర్‌లో వచ్చాయి, వైర్లు, కనెక్టర్లు కోఠి గుజరాతీ గల్లీలో కొన్నాను. నాన్న ఇచ్చిన డబ్బుకి పిల్లలకి లెక్కలు చెప్పి సంపాదించింది కలిస్తేగానీ సరిపోలేదు.

మిగిలింది ఒళ్లు. వర్క్‌షాపులో వాడిన ఫోమ్ తెనాలిలో దొరకలేదు. థర్మాకోల్ అడుగుదామని మామయ్య కొట్టుకి వెళ్లాను. విషయం విని ఆయన థర్మాకోల్ వైపు చూడను కూడా చూడలేదు. దొంతరలోంచి ఒక పసుపు సన్‌ప్యాక్ షీటు లాగి, రెండు చేతుల్తో వంచి, నేల మీద విసిరికొట్టి, నా చేతిలో పెట్టారు. "థర్మాకోల్ విరుగుద్ది. ఇది వంగుద్దేగానీ విరగదు. బరువు ఎక్కువైనా ఇదే పెట్టు" అన్నారు.

మా పంచలో పని మొదలైంది. తమ్ముడు, అంటే మా చిన్నాన్న కొడుకు, అప్పుడు ఇంటర్, నాకు కుడిభుజం. మామయ్య సాయంత్రం కొట్టు కట్టేసి వచ్చి అరుగు మీద కూర్చునేవారు.

ఆ షీటుతో పనిచేయడంలో కిటుకంతా గొట్టాలు ఏ వైపుకి ఉన్నాయన్న దాంట్లోనే ఉంది. రెక్కకి గొట్టాలు ఈ కొస నుంచి ఆ కొసకి పొడుగునా పోవాలి, అప్పుడే గాలికి వంగిపోదు. రెక్క ముందు అంచు కోసం లోపలి పొరని మాత్రమే బ్లేడుతో గీసి, షీటుని మడత పెట్టాలి. బయటి పొర తెగకూడదు. మామయ్య స్కేలు ఆనించి బ్లేడు నడిపితే ఆ సన్నటి పొర చిర్రుమని చీలేది, కింది పొర మీద గీత కూడా పడేది కాదు. తోక దగ్గర విమానాన్ని పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్‌కి, పక్కలకి తిప్పే రడ్డర్‌కి వేరే బందులు అక్కర్లేదు. ఒక పొర కోసేస్తే రెండో పొరే బందు. వెయ్యిసార్లు ఆడించినా తెగదు. ఇంత చక్కటి ఏర్పాటు షీటులోనే దాగి ఉందని చూసి మేమిద్దరం మురిసిపోయాం.

జిగురు దగ్గర చిక్కొచ్చింది. ఆ ప్లాస్టిక్ పాలీప్రొపిలీన్, దానికి ఫెవికాల్ పట్టదు. గ్లూ గన్‌తో పెట్టిన జిగురు కూడా ఆరాక గోటితో లాగితే పొరగా ఊడొచ్చేది. మామయ్యకి ఇది ముందే తెలుసు, ఆ షీట్ల మీద పెయింటు నిలవకే ఆయన ఎన్నో పాట్లు పడ్డారు. ఇసుక కాగితంతో గరుకు చేసి, లైటర్ మంటని పైపైన ఒక్కసారి తగిలించి, అప్పుడు పెట్టమన్నారు. అలా చేస్తే ఊడలేదు. మంట తగిలిన చోట ప్లాస్టిక్ పైపొర ఆక్సిజన్‌తో కలిసి జిగురుని పట్టుకునే గుణం తెచ్చుకుంటుందని, పెద్ద ఫ్యాక్టరీల్లోనూ అచ్చు వేసే ముందు ఇదే పని చేస్తారని తర్వాత చదివాను. ఆయనకి ఆ సంగతి చేతుల్లోంచి వచ్చింది. అయినా నమ్మకం చాలని చోట బోర్డులు కట్టే సన్న తీగతో కుట్టు కూడా వేశారు.

సర్వో నుంచి తోకకి కదలిక తీసుకెళ్లే కడ్డీలు సైకిల్ స్పోకులు. రెక్కకి లోపల దన్నుగా వెదురు బద్ద. రెక్కని ఒంటికి బిగించింది పాత సైకిల్ ట్యూబు కోసి చేసిన రబ్బర్లతో. నేలకి తగిలితే రెక్క విరగకుండా జారి పక్కకి తప్పుకునేది. రెక్క పొడవు 120 సెంటీమీటర్లు, వెడల్పు 20. రెక్కల కొసలు రెండూ కొంచెం పైకి లేపాం. అలా ఉంటే విమానం ఒక పక్కకి ఒరిగినా తనే సర్దుకుంటుంది.

బరువు సమంగా ఉందో లేదో చూడటం నాకు ఇష్టమైన పని. రెక్క ముందు అంచు నుంచి వెడల్పులో పావు వంతు కన్నా కొంచెం వెనక, అంటే మాకు ఐదారు సెంటీమీటర్ల దగ్గర, రెండు పక్కలా చూపుడు వేళ్లు ఆనించి లేపాలి. తోక వాలితే బ్యాటరీని ముందుకి జరపాలి, ముక్కు వాలితే వెనక్కి. తోక బరువైన విమానం గాల్లో మాట వినదు. మా విమానం వేళ్ల మీద నిలబడి, ముక్కు ఒక్క పిసరు కిందికి వంచి ఆగినప్పుడు, అరుగు మీద నుంచి మామయ్య లేచి వచ్చి చూశారు. సామాను అంతా పెట్టాక బరువు 800 గ్రాముల పైచిలుకు.

రంగుల మాట వచ్చేసరికి ఆయన మమ్మల్ని దగ్గరికి రానివ్వలేదు. "దూరం నుంచి కనపడాలంటే పసుపు మీద నలుపు. ఇంకోటి లేదు" అని, రెక్కల అడుగున అడ్డంగా వెడల్పాటి నల్ల పట్టీలు అంటించారు. పైన ఎర్ర రేడియం. పైకి పోయాక విమానం బోర్లా ఉందో వెల్లకిలా ఉందో, ఇటు వస్తోందో అటు పోతోందో తెలియాలి కదా. జీవితమంతా దూరం నుంచి కనపడేలా రాసిన మనిషి ఆయన, ఆకాశంలో పోయేదానికి ఏం కావాలో ఆయనకి ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

* * *

అప్పట్లో కరెంటు కోతలు విపరీతం. మా చిన్న చార్జరు బ్యాటరీ నింపడానికి రెండున్నర, మూడు గంటలు తీసుకునేది. పొద్దున ఎగరేయాలంటే రాత్రి కోత అయ్యాక పెట్టి, మేలుకుని ఉండాల్సిందే. లిపో బ్యాటరీని చార్జింగ్‌లో పెట్టి నిద్రపోకూడదు, లోపల తేడా వస్తే భగ్గుమంటుంది. అమ్మ ఒక పాత మట్టి చట్టి ఇచ్చింది. అడుగున ఇసుక పోసి, అందులో పెట్టి, చార్జరు మీది మూడు ఎర్ర దీపాలూ పచ్చగా మారేదాకా పంచలో మంచం మీద కూర్చునేవాళ్లం. మూడు దీపాలూ లోపలి మూడు సెల్స్‌కి. ఒక్కో సెల్ 4.2 వోల్టులు ఎక్కితే నిండినట్టు, 3 వోల్టుల కిందకి దిగితే పాడైనట్టు.

ఆ రాత్రుల్లో మామయ్య ప్రశ్నలు అడుగుతూ ఉండేవారు. మోటారు మీద 1000 కేవీ అని ఉంటే అదేంటన్నారు. ఒక్కో వోల్టుకి నిమిషానికి వెయ్యి చుట్లు, ఈ బ్యాటరీ 11.1 వోల్టులు కాబట్టి పంకా, అంటే ప్రొపెల్లర్, లేకుండా తిప్పితే 11,100 చుట్ల దాకా పోతుంది అని చెప్పాను. పంకా మీద 10, 4.5 అని రెండంకెలేంటన్నారు. మొదటిది అంగుళాల్లో పొడవు, రెండోది ఒక్క చుట్టుకి గాల్లో మర మేకులా ఎంత ముందుకి దూసుకెళ్లాలో ఆ లెక్క. "అసలు దీన్ని మొదట ఎవరు ఎగరేశారు?" అని కూడా అడిగారు. ఇంగ్లండులో కల్నల్ టాప్లిన్ అనే ఆయన 1957లో 'రేడియో క్వీన్' అనే విమానాన్ని సిల్వర్ జింక్ బ్యాటరీలతో ఎగరేశాడని, తర్వాత చాలా ఏళ్లు బ్యాటరీల బరువే అడ్డంకి అయ్యిందని, లిపోలు, బ్రష్‌లెస్ మోటార్లు చవకయ్యాకే మనలాంటివాళ్ల దాకా వచ్చిందని చెప్పాను. మామయ్య కాసేపు ఆలోచించి, "57 అంటే మన ఊరికి కరెంటన్నా వచ్చి ఉండదు" అన్నారు.

* * *

మా డెల్టాలో చేను ఖాళీగా దొరికేది కొద్ది రోజులే. వరి కోతకి ముందే అదే చేలో మినుము చల్లేస్తారు. కోత అయ్యేసరికి మోళ్ల మధ్య మినుము మొలకెత్తి ఉంటుంది, కాలు పెడితే ఊరుకోరు. మినుము పీకి, నూర్చి, కుప్పలెత్తాక, అంటే మార్చి చివర నుంచి కాలవలకి నీళ్లు వదిలేదాకా, చేలన్నీ ఎండి, నెర్రెలిచ్చి, మాకే వదిలేసినట్టు ఉండేవి.

ఐదున్నరకల్లా గట్ల మీద నడుచుకుంటూ వెళ్లేవాళ్లం. తమ్ముడి చేతిలో రెక్క, నా చేతిలో ఒళ్లు, మామయ్య చేతిలో రిమోట్. సుద్ద దారం ముక్క ఒకటి తెచ్చి రిమోట్ యాంటెన్నా కొసకి కట్టారు ఆయన. గాలి ఎటు నుంచి వస్తోందో అది చెప్పేది. బ్యాటరీ తగిలించగానే మోటారు పలికేది, పీ, పీ, పీ, ఆగి ఒక పొడుగాటి పీ. మూడు సెల్స్ లెక్కపెట్టుకుని సిద్ధం అన్నమాట. నిశ్శబ్దంగా ఉన్న చేలో ఆ చప్పుడు కాలవ అవతలి దాకా వినపడేది. గట్టు మీద బర్రెలు తలెత్తి చూసేవి.

మొదటిసారి తమ్ముడు విసిరాడు. పైకి విసరకూడదు, గాలికి ఎదురుగా, నేలకి సమంగా, రెండడుగులు పరిగెత్తి వదలాలి. వదిలాడు. విమానం ఒక్క క్షణం కిందికి దిగి, మోళ్లని రాసుకుంటుందేమో అనుకునేలోపు గాలిని పట్టుకుంది. తాడిచెట్ల ఎత్తుకి, ఆ పైకి. ఎడమ పక్కకి లాగుతుంటే రిమోట్ మీద ఆ తేడా సర్దే ట్రిమ్ మీట టిక్, టిక్ మని రెండు మెట్లు జరిపాను, సర్దుకుంది. అప్పుడు సగం వేగానికి తగ్గించాను. మోటారు రొద సన్నబడి తుమ్మెద రొదలా అయ్యింది. అడుగున నల్ల పట్టీలు స్పష్టంగా కనపడుతున్నాయి. మామయ్య చేతులు వెనక్కి కట్టుకుని, రోడ్డు అవతల నిలబడి బోర్డు చూసుకునే తీరులోనే, తల వెనక్కి వాల్చి చూస్తున్నారు. "కనపడుతోంది" అన్నారు. అంతే అన్నారు.

ఒక బ్యాటరీకి ఎనిమిది, పది నిమిషాలు. దింపేటప్పుడు మోటారు ఆపేస్తే గాలి రెక్క మీద జారే చప్పుడు మాత్రం వినపడేది. మోళ్ల మీద పొట్ట ఆనించి జరజరమని ఆగేది.

నేర్చుకునేవాళ్లందరికీ కష్టమైంది విమానం మన వైపుకి వస్తున్నప్పుడు తిప్పడం. అటు పోతున్నప్పుడు కుడి అంటే కుడే. మన వైపు తిరిగాక దాని కుడి మనకి ఎడమ. చేతులు తికమకపడతాయి. తమ్ముడికి ఆ టెన్షన్ చాలా రోజులు పోలేదు. మామయ్య మొదటిసారి రిమోట్ పట్టుకున్నప్పుడు నేను పక్కనే ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. విమానం దూరంగా పోయి మలుపు తీసుకుని మా వైపు తిరిగింది. ఒక రెక్క వాలింది. ఆయన బొటనవేలు ఏ మాత్రం తడబడకుండా వాలిన రెక్క వైపే కదిలింది. విమానం లేచి నిలబడింది. ఎలా అని అడిగితే, "అద్దాల తలుపులకి లోపలి వైపు నుంచి అక్షరాలు తిరగేసి రాయనా? బయటివాడికి ఎడమ, నాకు కుడి. ముప్పయ్యేళ్లు రాశాను" అన్నారు. ఆ తర్వాత తమ్ముడికి నేర్పింది ఆయనే. "ఎటు వాలితే అటే నెట్టు, ఇంకేం ఆలోచించమాక" అనేవారు.

* * *

మేం పుట్టి పెరిగిన ఊరు. అయినా ఆ వేసవుల దాకా మాకు మా ఊరి గాలి తెలియదు. ఉక్కపోతగా ఉందనో, చల్లగా ఉందనో అనుకోవడం తప్ప, అది ఎప్పుడు ఎటు నుంచి వస్తుందో, ఏ చేను మీద లేస్తుందో, ఏ చెట్టు వెనక తిరగబడుతుందో ఎప్పుడూ పట్టించుకోలేదు. మామయ్యకి తెలుసు. రెండంతస్తుల ఎత్తు సారవ మీద నిలబడి పనిచేసిన మనిషికి గాలి తెలియకపోతే బతుకు లేదు. "ఎనిమిదిన్నర దాటితే నిచ్చెన కదలడం మొదలెడుద్ది. అప్పుడు పెద్ద బ్రష్షు పక్కన పెట్టి చిన్న పనులు చూసుకోవాలి. సాయంత్రం పైరగాలి దిగాక బ్యానరు జోలికి పోకూడదు" అని చెప్పేవారు. మా విమానం సరిగ్గా ఆ వేళలకే బెదరడం మొదలుపెట్టేది.

కొద్ది రోజుల్లో మేమూ చూడటం నేర్చుకున్నాం. కాలవ మీదకి రాగానే విమానం రెండు మూరలు దిగేది. దున్ని వదిలేసిన నల్లటి చేను మీదకి రాగానే కింద నుంచి ఎవరో నెట్టినట్టు లేచేది. ఎండకి ఆ నేల ముందు వేడెక్కి, దాని మీది గాలి పైకి లేస్తుంది. గద్ద రెక్కాడించకుండా గుండ్రంగా తిరిగే చోటు అదే. ఒకరోజు గద్ద కిందికి విమానాన్ని పోనిచ్చి మోటారు ఆపేశాను. మామూలుగా అయితే అర నిమిషంలో నేల మీద ఉండాలి. ఆ రోజు దిగలేదు. మోటారు ఆగిపోయి, పంకా నిలిచిపోయి, పసుపు విమానం గద్ద కింద రెండు మూడు చుట్లు అలాగే తిరిగింది. మేం ముగ్గురం ఒక్క మాట మాట్లాడలేదు. గద్ద ఇంకా పైకి పోయింది, మా దానికి అంత శక్తి లేదు, మెల్లగా దిగొచ్చింది. అంత బరువు ప్లాస్టిక్ షీటుని గాలి మోసిందంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అన్ని పక్షులూ అంత సహనంగా ఉండేవి కావు. గట్టు మీద తుమ్మచెట్టులో గూడు పెట్టుకున్న పసులపోలిగాడు విమానం కనపడగానే బాణంలా వచ్చి తోక వెంట పడేవాడు. వాడి హద్దు ఎక్కడిదాకానో మాకు తెలిసిపోయింది, అటు పోనిచ్చేవాళ్లం కాదు.

తాడిచెట్టు కథ కూడా చెప్పాలి. తమ్ముడు ఎగరేస్తున్నాడు, కింద ఆకు కదలడం లేదు. పైన ఉన్నట్టుండి గాలి తోసి విమానాన్ని తీసుకెళ్లి తాడి మట్టల్లో పెట్టింది. మోటారు ఆపాడు. కింద నుంచి రాళ్లు వేస్తే రెక్క పాడవుతుంది. కల్లు గీసే తాత ఒకాయన అటే వస్తుంటే మామయ్య పిలిచారు. ఆయన మోకు బిగించుకుని చకచకా ఎక్కి, విమానాన్ని చంకలో పెట్టుకుని, ఎక్కినంత తేలిగ్గా దిగారు. డబ్బులిస్తే తీసుకోలేదు. పంకా వేలితో తిప్పి చూసి, "కింద గాలి వేరు, పైన గాలి వేరు బాబూ. పై మట్ట ఊగుతుంటే ఎగరెయ్యమాకండి" అని చెప్పి వెళ్లిపోయారు. నేల దగ్గర గాలి చెట్టుకీ గట్టుకీ తగిలి నెమ్మదిస్తుంది, ఎత్తుకి పోయేకొద్దీ జోరందుకుంటుంది. కాలేజీలో అది ఒక గ్రాఫు. మాకు మాత్రం ఆ తర్వాత రోజూ పొద్దున్నే చేలోకి వెళ్లగానే ముగ్గురి కళ్లూ ముందు తాడిచెట్టు కొసకే పోయేవి.

* * *

కృష్ణ కాలవలకి నీళ్లు వచ్చాయంటే మా ఆట కట్టు. నారుమళ్లు, దమ్ము, నాట్లు. విమానం మామయ్య కొట్టులో దూలానికి వేలాడేది. స్టిక్కర్లకి వచ్చిన కుర్రాళ్లు అదేంటని అడిగితే, ఆయన పని ఆపి మరీ చెప్పేవారట, గొట్టాలు ఏ వైపుకి ఉండాలో దగ్గర్నుంచి మొదలుపెట్టి.

అలా కొన్ని వేసవులు గడిచాయి. నాకు ఉద్యోగం వచ్చింది, సెలవులు పోయాయి. బ్యాటరీలు ఉబ్బిపోయాయి. మోటారు తమ్ముడి కాలేజీ ప్రాజెక్టుకి పోయింది. మామయ్యకి కళ్లలో శుక్లాలు వచ్చి, ఆపరేషన్ అయ్యాక చూపు బాగానే ఉన్నా చెయ్యి మునుపటంత నిలకడగా లేదని బోర్డులు మానేశారు. ఫోన్ చేసినప్పుడు మాత్రం "అక్కడ గాలెలా ఉంది అల్లుడూ?" అని అడిగేవారు. ఆఫీసు ఏసీలో కూర్చుని కిటికీలోంచి చెట్ల కొసలు చూసి చెప్పేవాణ్ని. పడమటి గాలి, ఇంకా తిరగలేదు అనేవాణ్ని. ఆయన అక్కడి సంగతి చెప్పేవారు. హైదరాబాద్‌లో నాతో గాలి గురించి మాట్లాడేవాళ్లు ఇంకెవరూ లేరు.

ఇప్పుడు దొరికే విమానాల్లో జైరో ఉంటుంది, గాలి తోస్తే దానంతట అదే సర్దుకుంటుంది. పెట్టెలోంచి తీసి పది నిమిషాల్లో ఎగరేయొచ్చు. కొత్తగా నేర్చుకునే పిల్లలకి అది మంచిదే, విమానం మొదటి రోజే ముక్కలవదు. కానీ గాలి ఎప్పుడు తోసిందో చేతికి తెలియదు. నా మట్టుకు నాకు అది పెద్ద లోటు.

మామయ్య మనవడు ఇప్పుడు డిప్లొమా చదువుతున్నాడు. నిన్న వాట్సాప్‌లో ఫోటో పంపాడు. దూలం మీది నుంచి విమానం దింపాడు. రేకుల వేడికి ప్లాస్టిక్ పెళుసుబారి, రెక్క ముందు అంచు చేతిలోనే చిట్లిందట. స్పోకులు తుప్పు పట్టాయి. సర్వో ఒకటి ఇంకా తిరుగుతోందట. కొత్తది చేస్తానంటున్నాడు. ఎగరేయడానికి పర్మిషన్ కావాలా అని అడిగాడు. 2021 డ్రోన్ రూల్స్ వచ్చాక మ్యాపులో జోను చూసుకోవాలి, మనది గ్రీన్ జోన్, గన్నవరం ఎయిర్‌పోర్టు మనకి దూరం, 400 అడుగుల లోపు ఉంచితే పర్మిషన్ అక్కర్లేదని చెప్పాను. ఏ మోటారు, ఎంత బ్యాటరీ అని అడిగాడు, అదీ చెప్పాను. తమ్ముడి చేలో ఈ ఏడు మొక్కజొన్న ఉంది, కోత ఏప్రిల్‌కి అయిపోతుంది. ఈలోగా షీటు తెచ్చి రెక్క కోసి పెట్టమన్నాను. గొట్టాలు పొడుగునా ఉండాలి, లోపలి పొర మాత్రమే కోయాలి, మిగతాది నేను వచ్చాక చూద్దాం అన్నాను.